ఉన్నట్టుండి కీబోర్డు పనిచేయట్లేదు, మౌస్ మాత్రం బాగానే ఉంది

నీలవేణి_డీటీపీ | సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. ఫోన్లో రాస్తున్నాను, అచ్చుతప్పులుంటే సర్దుకోండి. మాది చిన్న డీటీపీ షాపు. ఒక గుడి బ్రహ్మోత్సవాల ఆహ్వాన పత్రిక కొడుతున్నాను, రేపు పొద్దున్నే ప్రెస్సుకు వెళ్ళాలి. సగం పేజీ అయ్యేసరికి అక్షరం పడటం ఆగిపోయింది. ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మౌస్ మామూలుగానే తిరుగుతోంది. సిస్టమ్ హ్యాంగ్ కాలేదు, కింద గడియారం కూడా నడుస్తోంది.

వైరు పీకి వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టాను. రీస్టార్ట్ చేశాను. పక్క జిరాక్సు షాపు వాళ్ళ కీబోర్డు తెచ్చి పెట్టినా అదే తంతు. అదే కీబోర్డు వాళ్ళ సిస్టమ్‌కి పెడితే శుభ్రంగా పనిచేస్తోంది! విండోస్ 10, డెస్క్‌టాప్. కీబోర్డు తప్పు కాదంటే ఇక మదర్‌బోర్డేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఫార్మాట్_రాజా | 6:47

వైరస్ అయ్యుంటుంది అక్కా. డీ డ్రైవ్‌లోకి డేటా లాగేసి ఫార్మాట్ కొట్టేయండి. గంటలో అయిపోతుంది.

హార్డ్‌వేర్_బాబాయ్ | 6:58

రాజా, నీ దగ్గర అన్ని రోగాలకీ ఒకటే మాత్ర. కొత్త విండోస్, ప్రింటర్ డ్రైవర్లు, ఫాంట్లు, పేజ్‌మేకర్ అన్నీ మళ్ళీ ఎక్కించేసరికి ఆవిడకి తెల్లారిపోతుంది. రేపు పొద్దున్న ప్రెస్సు అంటున్నారు, చదివావా?

నీలవేణి గారూ, ముందు చేసిన పని మౌస్‌తోనే ఫైల్ మెనూలోకి వెళ్ళి సేవ్ చేసుకోండి. తరవాత ఇవి చూసి చెప్పండి.

రీస్టార్ట్ అయ్యాక పాస్‌వర్డ్ ఎలా కొట్టారు? అక్కడ కీబోర్డు పనిచేసిందా, లేక పాస్‌వర్డే లేదా?

నమ్ లాక్ నొక్కితే లైటు వెలిగి ఆరుతోందా? ఇది ఎందుకడుగుతున్నానంటే, ఆ లైటుని వెలిగించేది కీబోర్డు కాదు. మీరు కీ నొక్కిన సంగతి సిస్టమ్‌కి వెళ్తుంది, సిస్టమ్ తిరిగి కీబోర్డుకి చెబితే అప్పుడు లైటు మారుతుంది. మారుతోందంటే వైరు, పోర్టు, డ్రైవరు అన్నీ మాట్లాడుకుంటున్నట్టే.

సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ కొడితే బయోస్ తెర (విండోస్ కన్నా ముందు వచ్చే సెటప్ తెర) వస్తోందా? అక్కడ బాణం కీలు కదులుతున్నాయా?

వైజాగ్_కెరటం | 7:05

సమయానికి ఈ టాపిక్ కనబడింది. నాదీ ఇదే సమస్య, కాకపోతే ల్యాప్‌టాప్. స్పేస్ బారు, బి, ఎన్ పనిచేయట్లేదు. మిగతావన్నీ ఓకే. వేసవిలో ఒకసారి టీ ఒలికింది, వెంటనే తుడిచేశాను. అప్పుడు బాగానే ఉంది, ఎన్ ఒక్కటి కొంచెం గట్టిగా నొక్కాల్సొచ్చేది. ఇప్పుడు ఇలా. కీబోర్డు మొత్తం మార్చాలి అంటున్నాడు షాపతను. నిజమేనా?

మోడరేటర్ | 7:08

కెరటం గారూ, మీది వేరే సమస్యలా ఉంది. అయినా విడిగా టాపిక్ తెరవమంటే మీరు రేపటికి గానీ తెరవరు, ఇక్కడే కానివ్వండి. నీలవేణి గారిది తేలాక మీది చూద్దాం.

బెంగళూరు_తెలుగోడు | 7:15

నీలవేణి గారూ, వేరే కీబోర్డు పెట్టినా పనిచేయట్లేదు కాబట్టి ఇది రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు) సమస్య కావచ్చు. కీబోర్డు క్లాస్ కింద అప్పర్‌ఫిల్టర్స్ అని ఒక ఎంట్రీ ఉంటుంది. అందులో విండోస్ సొంత కీబోర్డు డ్రైవరు పేరు, కేబీడీక్లాస్ అని ఉండాలి. కొన్ని యాంటీవైరస్‌లు, ఒక కీ పనిని ఇంకో కీకి మార్చే రీమ్యాపింగ్ సాఫ్ట్‌వేర్లు తమ ఫిల్టర్ పేరు కూడా అందులో చేరుస్తాయి. వాటిని తీసేసినప్పుడు ఫైలు పోయి పేరు మాత్రం మిగిలిపోతే ఏ కీబోర్డు పెట్టినా పలకదు. డివైస్ మేనేజర్‌లో (సిస్టమ్‌కి తగిలించిన పరికరాల జాబితా) కీబోర్డు పక్కన పసుపు త్రికోణం, కోడ్ 19 లేదా 39 అని కనబడుతుంది. మా ఆఫీసులో ఇలాంటివి చూశాను. రెజ్‌ఎడిట్ తెరిచి...

హార్డ్‌వేర్_బాబాయ్ | 7:19

ఆగు తమ్ముడూ. నువ్వు చెప్పింది నిజమే, అలాంటి కేసులున్నాయి. కానీ రోగం ఏదో తెలియకుండా కత్తి పట్టొద్దు. ఆ ఎంట్రీలో కేబీడీక్లాస్ పొరపాటున చెరిగితే ఇప్పుడు లేని సమస్య కూడా వచ్చి కూర్చుంటుంది. ఆవిడ జవాబు రానీ.

నీలవేణి_డీటీపీ | 7:31

బాబాయ్ గారూ, సేవ్ చేశాను. మీరు అడిగాక మళ్ళీ రీస్టార్ట్ చేసి జాగ్రత్తగా గమనించాను.

బయోస్‌లో బాణాలు కదులుతున్నాయి. పాస్‌వర్డ్ కూడా పడింది! పాస్‌వర్డ్ దగ్గర నమ్ లాక్ లైటు కూడా మారుతోంది. కానీ డెస్క్‌టాప్ వచ్చాక లైటూ లేదు, అక్షరమూ లేదు. టకటకా ఎంత కొట్టినా ఒక్కటీ పడదు. ఇదేం వింతండీ? గుమ్మం దాకా వచ్చి లోపలికి రానంటోంది.

డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తులేమీ లేవు.

హార్డ్‌వేర్_బాబాయ్ | 7:38

ఇంకేం, దొరికిపోయింది. కంగారు పడకండి, మీ మదర్‌బోర్డుకి ఏమీ కాలేదు.

బయోస్‌లో పనిచేసింది కాబట్టి పోర్టు, వైరు మంచివే. పాస్‌వర్డ్ పడింది కాబట్టి విండోస్ డ్రైవరు కూడా మంచిదే. తమ్ముడు చెప్పిన అప్పర్‌ఫిల్టర్స్ గొడవైతే పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయేది. మీ ఖాతాలోకి లాగిన్ అయ్యాకే చెడుతోందంటే ఆ తేడా మీ ఖాతా సెట్టింగ్‌లో ఉంది, లేదంటే లాగిన్‌తో పాటు మొదలయ్యే ఏదో సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

ఇప్పుడు నోట్‌ప్యాడ్ తెరవండి. టకటకా కొట్టకండి. ఏదో ఒక కీ మీద వేలు పెట్టి, తీయకుండా, ఒకటి రెండు సెకన్లు అలాగే నొక్కి ఉంచండి. కింద గడియారం దగ్గర చిన్న స్టాప్‌వాచ్ బొమ్మ ఏదైనా ఉందేమో కూడా చూడండి.

నీలవేణి_డీటీపీ | 7:42

పడింది!! నొక్కి పట్టుకుంటే పడుతోంది! గడియారం దగ్గరున్న బాణం గుర్తు మౌస్‌తో నొక్కితే దాని వెనకాల స్టాప్‌వాచ్ బొమ్మ కూడా ఉంది. ఏంటండీ ఇది?

హార్డ్‌వేర్_బాబాయ్ | 7:50

దాని పేరు ఫిల్టర్ కీస్. కుడివైపు షిఫ్ట్ కీని ఎనిమిది సెకన్లు ఏకధాటిగా నొక్కి ఉంచితే అది ఆన్ చేయాలా అని ఒక పెట్టె వస్తుంది. తెర వైపు చూడకుండా కొట్టేవాళ్ళు ఆ పెట్టె వచ్చిన సంగతి గమనించరు. అందులో 'యస్' ముందే ఎంపికై ఉంటుంది. మీరు స్పేసో ఎంటరో కొట్టారా, అయిపోయింది, ఆన్. ఇక అక్కడి నుంచి ఒక్కో కీ కాసేపు నొక్కి ఉంచితే తప్ప విండోస్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. మామూలు వేగంతో కొట్టిన అక్షరాలన్నీ పొరపాటు తాకిడి అనుకుని వదిలేస్తుంది. కొత్త కీబోర్డు పెట్టినా అంతే, ఎందుకంటే వడపోత జరిగేది విండోస్‌లో. రీస్టార్ట్ చేసినా పోదు, మీ ఖాతాలో సేవ్ అయిపోతుంది. పాస్‌వర్డ్ తెర మీ ఖాతా బయటిది కాబట్టి అక్కడ దీని పెత్తనం లేదు.

తీసేయడానికి: స్టార్ట్, సెట్టింగ్స్, ఈజ్ ఆఫ్ యాక్సెస్, ఎడమవైపు కీబోర్డ్. కొంచెం కిందకి వెళ్తే ఫిల్టర్ కీస్. ఆఫ్ చేయండి. దాని కిందే షార్ట్‌కట్ కీతో మొదలవనివ్వాలా అని ఒక టిక్కు ఉంటుంది, ఆ టిక్కు కూడా తీసేయండి. అంతా మౌస్‌తోనే అవుతుంది. విండోస్ 11 వాళ్ళకి ఇదే యాక్సెసబిలిటీ కింద ఉంటుంది.

నీలవేణి_డీటీపీ | 7:54

అయిపోయింది బాబాయ్ గారూ, పరుగో పరుగు. మీకు పది దండాలు. పత్రిక పూర్తి చేసి మళ్ళీ వస్తాను. కానీ నేనెప్పుడూ షిఫ్ట్ అంతసేపు పట్టుకోనే!

ఇన్‌స్క్రిప్ట్_ఇందిర | 8:10

నీలవేణి గారూ, మీరు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో కొడతారా? అయితే మీకు తెలియకుండానే పట్టుకుంటారు. నాకూ ఇదే జరిగేది, అందుకే అడుగుతున్నా.

ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతి వైపు, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతి వైపు. ఇంగ్లీషు అక్షరాల్లో ఇ కీ ఒక్కటే నొక్కితే దీర్ఘం, షిఫ్ట్‌తో నొక్కితే 'ఆ'. డి కీ షిఫ్ట్‌తో 'అ', జి కీ షిఫ్ట్‌తో 'ఉ', ఎస్ కీ షిఫ్ట్‌తో 'ఏ'. కీ ఎడమ చేతిది కాబట్టి షిఫ్ట్ పట్టుకునేది కుడి చిటికెన వేలు. అంటే అచ్చుతో మొదలయ్యే దాదాపు ప్రతి మాటకీ కుడి షిఫ్టే.

ఇక మీరు కొడుతున్నదేమో గుడి పత్రిక. ఆహ్వానం, ఆలయం, అర్చకులు, అభిషేకం, అంకురార్పణ, ఉత్సవం, ఏకాంత సేవ. అన్నీ అచ్చులే! పూజారి గారు చేత్తో రాసిచ్చిన కాగితం ఎదురుగా పెట్టుకుని, చిటికెన వేలు షిఫ్ట్ మీద ఆనించి, 'ఇది అభిషేకమా, అర్చనా' అని కళ్ళు చికిలించి చూస్తూ ఉంటే ఎనిమిది సెకన్లు ఎంతసేపు?

నీలవేణి_డీటీపీ | 8:14

అమ్మో, మీరు నా వెనకాల నిలబడి చూసినట్టు చెప్పారు. కాగితం మీద 'అష్టదళ పాద పద్మారాధన' అని ఉంది. మొదటి అక్షరం మీద మడత పడి సిరా అలుక్కుపోయింది. అక్కడే ఆగాను.

ఫార్మాట్_రాజా | 8:20

అసలు ఇలాంటి పనికిమాలిన ఆప్షన్ ఎందుకు పెట్టారో! తీసేసి పారేయొచ్చు కదా.

కాకినాడ_కాజా | 8:33

రాజా గారూ, అలా అనకండి. మా నాన్నగారికి పార్కిన్సన్స్. చెయ్యి వణుకుతుంది. 'క' కొట్టబోతే నాలుగు 'క'లు, పక్కన ఇంకో రెండు అక్షరాలు పడేవి. రిటైరయ్యాక బంధువులకి పెద్ద పెద్ద ఈమెయిళ్ళు రాయడం ఆయన సరదా. ఈ ఫిల్టర్ కీస్ పెట్టాకే మళ్ళీ రాయగలుగుతున్నారు. ఎంతసేపు నొక్కితే లెక్కలోకి తీసుకోవాలో మనమే మార్చుకోవచ్చు, ఆయనకి అర సెకను పెట్టాం. మీకు అక్కర్లేకపోతే షార్ట్‌కట్ టిక్కు తీసేయండి, సరిపోతుంది.

హార్డ్‌వేర్_బాబాయ్ | 8:41

బాగా చెప్పారు. ఇవి విండోస్ వాళ్ళు ఊరికే సరదాకి పెట్టినవి కావు. అమెరికాలో అప్పట్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ట్రేస్ సెంటర్ అనే పరిశోధన కేంద్రం వికలాంగుల కోసం వీటిని తయారు చేస్తే, విండోస్ 95 నుంచి సిస్టమ్‌లోనే కలిపేశారు. షిఫ్ట్ ఐదుసార్లు కొడితే వచ్చే స్టికీ కీస్ కూడా ఆ కుటుంబమే. ఒంటిచేత్తో కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కలేని వాళ్ళకి అది. గేములాడే పిల్లలు రోజూ తిట్టుకునేది దాన్నే.

సరే, వైజాగ్ బాబూ, నీ దగ్గరకి వద్దాం. ఉంటే పలుకు.

వైజాగ్_కెరటం | 8:44

ఉన్నా బాబాయ్ గారూ. నా ల్యాప్‌టాప్‌లో ఫిల్టర్ కీస్ ఆఫ్‌లోనే ఉంది, చూశాను.

హార్డ్‌వేర్_బాబాయ్ | 8:59

నీది ఎలాగూ అది కాదు. ఫిల్టర్ కీస్ అయితే అన్ని కీలకీ ఒకటే న్యాయం, మూడు కీలని ఎంచుకుని ఆపదు.

కీబోర్డు లోపల ప్రతి కీకీ విడిగా వైరు ఉండదు. అడ్డం గీతలు, నిలువు గీతలు ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. కీ నొక్కితే ఒక అడ్డగీత ఒక నిలువుగీతని తాకుతుంది, అది చూసి ఏ కీనో లెక్క కడుతుంది. టీ లాంటిది దిగి ఒక గీత తెగితే ఆ గీత మీదున్న కీలన్నీ ఒకేసారి పోతాయి. అవి పక్కపక్కన ఉండాలని కూడా లేదు. పాలూ చక్కెరా ఉన్న టీ అయితే పైన తుడిచినా కింద జిగురు మిగులుతుంది, నెలల తరవాత గీతని తినేస్తుంది. అందుకే షాపతను చెప్పింది కొట్టిపారేయలేను.

కానీ స్పేస్, బి, ఎన్ మూడూ కింది రెండు వరసల్లో టచ్‌ప్యాడ్‌కి ఎగువన, ఒకే చోట ఉన్నాయి. అదే నాకు అనుమానం. మూడు సంగతులు చెప్పు. టచ్‌ప్యాడ్ కింద నొక్కితే టిక్కుమంటోందా, బిగుసుకుపోయిందా? ల్యాప్‌టాప్‌ని గాజుబల్ల లాంటి చదును మీద పెడితే నాలుగు కాళ్ళూ ఆనుతున్నాయా, ఊగుతోందా? మూత మూస్తే మధ్యలో సందు కనిపిస్తోందా?

వైజాగ్_కెరటం | 9:07

టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం మానేసి చాలా రోజులైంది, మౌస్ వాడుతున్నాను కాబట్టి పట్టించుకోలేదు. ల్యాప్‌టాప్ ఊగుతోంది, రబ్బరు కాలు ఊడిందేమో అనుకున్నా. ఇప్పుడు చూస్తే నాలుగూ ఉన్నాయి. మూత సరిగ్గా మూతపడట్లేదు.

హార్డ్‌వేర్_బాబాయ్ | 9:10

ఛార్జర్ పెట్టి ఉంటే వెంటనే పీకెయ్. షట్‌డౌన్ చెయ్. బ్యాటరీ ఉబ్బింది.

పల్చటి ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ సరిగ్గా టచ్‌ప్యాడ్, స్పేస్ బారు కింద పరిచి ఉంటుంది. లిథియం బ్యాటరీ పాతబడితే లోపల వాయువు పుట్టి సంచీ ఉబ్బుతుంది. అది కింద నుంచి కీబోర్డుని తోస్తోంది, కీలు కిందకి దిగడానికి జాగా లేదు. దాన్ని నొక్కడం, గుచ్చడం, స్క్రూడ్రైవర్‌తో లేపడం చేయకు. నిప్పు అంటుకునే వస్తువు అది. మంచం మీద, సోఫాలో పెట్టకు. రేపు షాపులో బ్యాటరీ తీయించి, ఛార్జర్ మీద ఆన్ చేసి కీలు చూడమను. కొన్ని మోడళ్ళు బ్యాటరీ లేకుండా ఆన్ అవ్వవు, అలాగైతే కొత్త బ్యాటరీ పెట్టి చూడాల్సిందే. కీబోర్డు మార్చాలా వద్దా అనేది ఆ తరవాతి మాట. చాలా ల్యాప్‌టాప్‌లలో కీబోర్డుని పై ప్లేటుకే ప్లాస్టిక్ మేకులతో కరిగించి అతికిస్తారు, ప్లేటుతో సహా మార్చాలి కాబట్టి ఖర్చెక్కువ. అందాకా పని ఆగకూడదంటే వేరే సిస్టమ్ చూసుకో, దీన్ని మాత్రం ఆన్ చేయకు.

బెంగళూరు_తెలుగోడు | 9:18

బాబాయ్, కీల వరసని బట్టి బ్యాటరీ పట్టారు, సూపర్. ఇంకో విషయం, కీబోర్డు పోయిందని రికవరీ తెరలోకి (విండోస్ సరిగ్గా లేవనప్పుడు బాగుచేసుకునే తెర) వెళ్ళి పరీక్షించే విండోస్ 11 వాళ్ళకి. 2025 అక్టోబర్ 14న వచ్చిన కేబీ5066835 అప్‌డేట్ తరవాత రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ రెండూ పనిచేయట్లేదని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. అక్టోబర్ 20న కేబీ5070773 పంపి సరిచేసింది. ఆ మధ్య అప్‌డేట్లు ఆపేసిన సిస్టమ్ ఏదైనా చేతికొస్తే, రికవరీలో కీబోర్డు పలకలేదని హార్డ్‌వేర్ మీదకి నెట్టేయకండి. బయోస్‌లో చూడటమే మంచిది.

వైర్‌లెస్_వాసు | 9:25

నాకు వైర్‌లెస్ కీబోర్డు మధ్యమధ్యలో అక్షరాలు మింగేస్తుంది. బ్యాటరీలు కొత్తవే.

హార్డ్‌వేర్_బాబాయ్ | 9:29

డాంగిల్ (కీబోర్డుతో వచ్చిన చిన్న యూఎస్‌బీ ముక్క) పక్క పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ గానీ పెన్ డ్రైవ్ గానీ పెట్టి ఉంచావా? యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది, నీ డాంగిల్ మాట్లాడేది అక్కడే. ఇంటెల్ వాళ్ళు 2012లోనే దీని మీద ఒక పత్రం వేశారు. డాంగిల్‌ని చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు మీద కీబోర్డు దగ్గరకి తెచ్చి పెట్టు.

వైర్‌లెస్_వాసు | 9:41

హార్డ్ డిస్క్ పీకగానే సరైపోయింది. సినిమాలు అందులోనే ఉన్నాయి, ఎక్స్‌టెన్షన్ కొంటా.

బడి_సైన్సు_టీచర్ | 9:52

మా జెడ్పీ హైస్కూలు ల్యాబులో పాత సిస్టమ్‌లు. పిల్లల కాళ్ళు తగిలి కీబోర్డు వైరు ఊడుతుంది. మళ్ళీ గుచ్చితే లైట్లు వెలగవు, పనిచేయదు. అలా కొన్ని పక్కన పడేశాం. ఊదా రంగు గుండ్రటి పిన్ను ఉన్నవి.

హార్డ్‌వేర్_బాబాయ్ | 10:01

మాస్టారూ, పడేసినవన్నీ వెనక్కి తెప్పించండి. అది పీఎస్/2 పిన్ను, 1987లో ఐబీఎం తెచ్చింది. యూఎస్‌బీలా నడుస్తుండగా ఊడదీసి గుచ్చే రకం కాదు. సిస్టమ్ లేచేటప్పుడు కీబోర్డు ఉంటేనే గుర్తుపడుతుంది. పూర్తిగా ఆఫ్ చేసి, పిన్నులు వంగలేదని చూసి, గుచ్చి, ఆన్ చేయండి. నడుస్తుండగా గుచ్చితే ఒక్కోసారి బోర్డు మీది పోర్టు కూడా పోతుంది, పిల్లలకి చెప్పండి. వైరుని టేబుల్ కాలికి ఒక టేపుతో కట్టేస్తే ఇంకా మంచిది.

బడి_సైన్సు_టీచర్ | 10:05

రేపు మొదటి పీరియడ్‌లోనే చూస్తాను. ధన్యవాదాలండి.

నీలవేణి_డీటీపీ | 11:20

పత్రిక ప్రూఫు పంపేశాను. పూజారి గారు రెండు చోట్ల ముహూర్తం మార్చమన్నారు, అది మామూలే. జిరాక్సు షాపు వాళ్ళ కీబోర్డు తిరిగిచ్చేశాను. ఇందిర గారూ, కుడి షిఫ్ట్ సంగతి మా దగ్గర నేర్చుకునే అమ్మాయికి కూడా చెప్పాను.

వైజాగ్_కెరటం | మర్నాడు మధ్యాహ్నం 1:15

బాబాయ్ గారూ, షాపులో విప్పితే బ్యాటరీ దిండులా ఉంది. షాపతనే ఇసుక బకెట్టు దగ్గర పెట్టుకుని తీశాడు. బ్యాటరీ తీసేసి ఛార్జర్ మీద ఆన్ చేస్తే స్పేస్, బి పనిచేస్తున్నాయి, టచ్‌ప్యాడ్ కూడా టిక్కుమంటోంది. కొత్త బ్యాటరీకి ఆర్డర్ పెట్టాడు. ఎన్ మాత్రం ఇంకా గట్టిగా నొక్కాలి.

హార్డ్‌వేర్_బాబాయ్ | 1:40

ఆ ఎన్ నీ టీదే. దాని కోసం కీబోర్డు మార్చకు, ఆ కీ క్యాప్ ఒక్కటి జాగ్రత్తగా తీయించి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించు. అప్పటికీ దారికి రాకపోతే రీమ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌ని నువ్వు వాడని కీకి మార్చుకో. ఆ సాఫ్ట్‌వేర్ తీసేసేటప్పుడు మాత్రం బెంగళూరు తమ్ముడు చెప్పిన అప్పర్‌ఫిల్టర్స్ ఒకసారి చూసుకో.